దేవుడికి చెప్పే మాట పిల్లలకీ వినపడనిద్దాం!

పొద్దున్నే స్నానం చేసి, తలకి తువ్వాలు చుట్టుకుని దేవుడి గూడు ముందు నిలబడతాం. ప్రమిదలో నూనె పోసి, వత్తి సవరించి దీపం వెలిగిస్తాం. నోట్లో లలితా సహస్రం నడుస్తూనే ఉంటుంది, చెవులు మాత్రం కుక్కరు కూతలు లెక్కపెడుతుంటాయి. మధ్యలో “లేవరా, బస్సు వెళ్ళిపోతుంది” అని ఓ కేక. అమ్మవారేమీ అనుకోదు లెండి, ఆవిడా పిల్లల తల్లేగా! చివర్లో కళ్ళు మూసుకుని ఓ దణ్ణం. “పిల్లలు చల్లగా ఉండాలి తల్లీ. చదువు బాగా అబ్బాలి. ఈసారి లెక్కల్లో కాస్త ఎక్కువ మార్కులు రావాలి.”

మన రోజువారీ ప్రార్థన చాలా ఇళ్ళల్లో ఇంతే. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తెల్లారి లేస్తే నలుగురికీ డబ్బాలు కట్టాల్సిన మనిషికి ఆ రెండు నిమిషాలు దొరకడమే గొప్ప. అయితే ఒక్క సంగతి గమనించారా? ఆ దణ్ణంలో పిల్లలకి కావలసినవన్నీ ఉంటాయి. పిల్లలు చేసినవే ఉండవు. నిన్న సాయంత్రం మీ అమ్మాయి పాత శుభలేఖలు కత్తిరించి గోడకి వేలాడదీసిన పిట్టల దండ ఉండదు. మీ అబ్బాయి నోటు పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్న దెయ్యం కథ ఉండదు. మార్కుల కోసం మొక్కుకుంటాం, మార్కులొస్తే కొబ్బరికాయ కొడతాం. మరి బొమ్మకీ, పాటకీ, కథకీ కొట్టిన కొబ్బరికాయ ఏదీ?

దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మని సరస్వతీదేవిగా అలంకరిస్తారు. ఆ రోజు క్యూలో నిలబడినవాళ్ళకి ఆ రద్దీ ఏమిటో తెలుసు. ఎటు చూసినా పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లులే. చేతుల్లో పెన్నులు, పుస్తకాలు. ఆ తోపులాటలో సరస్వతీదేవి చేతుల్లో ఏముంటాయో ఎవరూ చూడరు. ఆవిడ నాలుగు చేతుల్లో రెండు వీణకే సరిపోతాయి. ఒక చేతిలో జపమాల. పుస్తకానికి మిగిలింది ఒక్క చెయ్యే కదండీ!

ఆ మాటకొస్తే మన పెద్దవాళ్ళకి ఇది తెలియక కాదు. కూచిపూడి నేర్చుకునే పిల్ల మొదటిసారి గజ్జె కట్టేముందు ఆ గజ్జెల్ని దేవుడి దగ్గర పెట్టి పూజ చేయిస్తారు. గురువుగారి చేతులమీదుగా అందుకుని, కళ్ళకద్దుకుని అప్పుడు కట్టుకుంటుంది. ఆయుధపూజ నాడు వడ్రంగి తన ఉలికి, దర్జీ తన కుట్టుమిషనుకి పసుపు కుంకుమలు పెడతారు. గోదావరి ఒడ్డున బాసరలో పసివాడి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తారు. ఇవన్నీ చేసే చేతికి పెట్టే దణ్ణాలే. ఇంత ఉన్న మనకి, మన ఇంట్లో మన పిల్ల ఏదైనా చేసినప్పుడు మాత్రం నోరు పెగలదు. ఎందుకంటారు?

దిష్టి భయం ఒకటి. రెండోది, పొగిడితే చెడిపోతారన్న నమ్మకం. దీనికి మనవాళ్ళు పెద్ద పెద్ద సాక్ష్యాలే తెస్తారు. సుమతీ శతకంలో పుత్రోత్సాహం పద్యం మనందరం బళ్ళో అప్పజెప్పినదే. కొడుకు పుట్టగానే తండ్రికి సంతోషం రాదట, నలుగురూ ఆ కొడుకుని పొగిడినప్పుడే వస్తుందట. నాకు ఈ పద్యంతో చిన్నప్పట్నుంచీ పేచీయే. నలుగురూ వచ్చి చెప్పేదాకా ఇంట్లోవాళ్ళకి కళ్ళు లేవా అని. పైగా తండ్రీ కొడుకుల లెక్కే గానీ తల్లి సంగతీ, కూతురి సంగతీ అందులో ఎక్కడ?

ఇంకో సంస్కృత శ్లోకం ఉంది, అదింకా ఘాటు. గురువుల్ని ఎదురుగా పొగడాలట. స్నేహితుల్నీ బంధువుల్నీ వాళ్ళు లేనప్పుడు పొగడాలట. పనివాళ్ళని పని పూర్తయ్యాక. కన్నబిడ్డల్ని అసలు పొగడకూడదు. ఇక ఆడవాళ్ళనా? వాళ్ళు పోయాక పొగడాలట!

ఈ శ్లోకం మావారి నోట మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. ధనుర్మాసం నెల్లాళ్ళూ మా వాకిట్లో ముగ్గు చూసి తీరాల్సిందే. మంచు కురుస్తుండగానే లేచి, పేడనీళ్ళు చల్లి, చేతిలో గీతగీసుకున్న కాయితం కూడా లేకుండా చుక్కలు పెట్టేసేది. చుట్టుముగ్గులో ఒక్క చుక్క తప్పేది కాదు, గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసేది. పొద్దెక్కేసరికి సైకిళ్ళూ మేకలూ తొక్కేసేవి. మర్నాడు మళ్ళీ కొత్తది. ఎవ్వరూ ఏమీ అనగా నేను వినలేదు, ముగ్గు అన్నాక వెయ్యాలి కదా అన్నట్టు ఉండేవాళ్ళు. 2011లో అమ్మ పోయింది. పదకొండో రోజున వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట, “ఏం ముగ్గులేసేదమ్మా మహాతల్లి!” వంట చావిట్లో కూచుని ఆ మాటలన్నీ విన్నాను. శ్లోకం రాసినాయన ఎవరో గానీ ఉన్నదున్నట్టే రాశాడు.

సరే, పొగడకూడదంటారు. మరి కన్నకడుపు ఊరుకుంటుందా? ఊరుకోదు. అందుకే ఆ గర్వం కాస్తా దేవుడి దగ్గరికి దారి తీస్తుంది. ఎవరికీ చెప్పుకోలేనిది కళ్ళు మూసుకుని ఆయనకి చెప్పుకుంటాం. దేవుడు వింటాడు, బాగానే ఉంది. కానీ ఎవరి చెవిన పడాలో వాళ్ళ చెవిన మాత్రం పడదు.

ఈ ముడి విప్పుకునే మార్గం నాకు మా పక్క వాటాలో కనిపించింది. కొన్నేళ్ళు మా పక్కన ఒక టీచరుగారి కుటుంబం ఉండేది, క్రైస్తవులు. రాత్రి భోజనాలయ్యాక చాప పరుచుకుని అందరూ కుటుంబ ప్రార్థనకి కూచునేవాళ్ళు. మధ్య గోడ పలచన కాబట్టి అంతా మాకు వినపడేది. ఓ పాట, బైబిల్లోంచి ఓ అధ్యాయం, తర్వాత ఆ తల్లి ప్రార్థన. “ప్రభువా, మా పెద్దబాబుని బట్టి నీకు స్తోత్రం. ఈవేళ వాడు గుడిలో కొత్త పాట తడబడకుండా వాయించాడు. మూడు వారాలు సాధన చేశాడు తండ్రీ. వాడి వేళ్ళను బట్టి నీకు స్తోత్రం.” ఆ పెద్దబాబు అక్కడే, అదే చాప మీద తల వంచుకుని కూచుని ఉండేవాడు. పొగిడింది వాణ్ణి కాదు, దేవుణ్ణి. కానీ ప్రతి ముక్కా వాడి చెవిన పడింది. మూడు వారాల సాధనని అమ్మ గమనించిందన్న సంగతీ పడింది. గర్వం తలకెక్కే ప్రశ్నే లేదు, తల వంచుకునే కదా విన్నాడు!

మా వీధి చివర జాకెట్లు కుట్టే ముస్లిం పెద్దావిడ ఉంది, మేమంతా ఖాలా అని పిలుస్తాం. ఆవిడ దగ్గర దిష్టికి మందుంది. పిల్లలు ఏది చూపించినా ముందు “మాషా అల్లా” అంటుంది. దేవుడు తలచినట్టే జరిగింది అని దాని అర్థమట. ఆ మాట అన్నాక ఇక దిష్టి తగలదని వాళ్ళ నమ్మకం. ఇక అక్కణ్ణుంచి తీరిగ్గా, ధారాళంగా మెచ్చుకుంటుంది. కుట్టు ఎలా వేశావు, ఈ రంగు పక్కన ఆ రంగు ఎందుకు పెట్టావు అని ఆరా తీస్తుంది. మనమేమో దిష్టి పేరు చెప్పి అసలు మెచ్చుకోవడమే మానేస్తాం.

ఇక మా పెద్దదాని సంగతి. మాది తెనాలి. మా ఊరి శిల్పుల గురించి మీరు వినే ఉంటారు. కూడళ్ళలో నిలబెట్టే నాయకుల విగ్రహాలు మా ఊళ్ళో తయారై ఎక్కడెక్కడికో వెళ్తాయి. కొన్నేళ్ళుగా పాత ఇనప సామాను, నట్లూ బోల్టులూ బైకు గొలుసులూ అతికించి నిలువెత్తు విగ్రహాలు కూడా చేస్తున్నారు. మా పెద్దది బడినించి వచ్చే దారిలో ఒక శిల్పశాల ఉంది. అక్కడ గుమ్మంలో నిలబడిపోవడం దీనికి ఐదో తరగతినించే అలవాటు. ముందు బంకమట్టితో మనిషిని చేసి, దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో అసలు విగ్రహం పోస్తారని నాకు చెప్పింది అదే. ఓ రోజు వాళ్ళు పారేసే మట్టి అడిగి తెచ్చుకుంది. ఇప్పుడు మా తులసికోట పక్కన ఓ పాత ప్లాస్టిక్ తొట్టి, దాని మీద తడి గోనె శాశ్వతంగా ఉంటాయి.

మొన్న సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టాం. మా అత్తగారి కొండపల్లి బొమ్మలున్నాయి, దశావతారాలూ, అంబారీ ఏనుగూ, తాడిచెట్టెక్కే గీత మనిషీ. తెల్ల పొణికి చెక్క కదా, చేత్తో పట్టుకుంటే దూదిలా తేలిక. ఏటికొప్పాక లక్కపిడతలున్నాయి. మా పెద్దది “మా వీధి” అని ఓ వరస బొమ్మలు చేసింది. ఇస్త్రీ బండీ, టిఫిన్ బండి దగ్గర ఇడ్లీలు పెట్టే ఆవిడా, మోచేత్తో మూర పూలు కొలిచే పూలమ్మీ. సాధారణంగా పిల్లలు చేసినవి కింద మెట్టు మీద ఓ మూలకి పెడతాం చూడండి, అలాక్కాదని దశావతారాల పక్కనే పెట్టాను.

పేరంటాళ్ళు వచ్చారు. “ఈ పూలమ్మి బొమ్మ ఎక్కడ కొన్నారండీ?” అని ఎదురింటి పిన్నిగారు. మా పెద్దది చేసిందంటే ఆవిడ ముక్కున వేలేసుకుంది. “అంతా అమ్మవారి దయ! చేతిలో కళ పెట్టింది. ఏ జన్మలో పుణ్యమో!” ఆ వెంటనే ఇంకొకావిడ, “అది సరేగానీ, వచ్చే ఏడు టెన్త్ కదూ? ఇంక ఈ మట్టి పిసకడాలూ అవీ కట్టిపెట్టాలి మరి.” శనగలు పుచ్చుకుని అందరూ వెళ్ళారు.

రాత్రి బొమ్మలకి హారతిచ్చాక మా పెద్దది అడిగింది. “అమ్మా, అంతా అమ్మవారి దయేనా?”

“కాదా మరి?”

“పూలమ్మి చెయ్యి మూడుసార్లు విరిగింది. ఎండలో పెడితే పగులుతోందని నీడలో ఆరబెట్టాలని నేను కనుక్కున్నాను. అదీ అమ్మవారి దయేనా?”

ఈ ప్రశ్నకి పద్నాలుగేళ్ళ పిల్లకి ఏం చెప్తాం? “తప్పు, అలా అనకూడదు” అని నోరు మూయించడం తేలిక. కానీ అది అడిగినదాంట్లో పొగరు లేదు. పడ్డ కష్టం ఎవరి ఖాతాలోనో రాసేస్తుంటే, నాది కూడా కాస్త రాయండి అంటోంది, అంతే. పరీక్ష పోతే “నువ్వు చదవలేదు” అంటాం కదా. బొమ్మ బాగుంటే మాత్రం “దేవుడి దయ” అంటే ఇదేం న్యాయం?

మర్నాడు సాయంత్రం దీపం పెట్టి, పక్క వాటా టీచరుగారిని తలుచుకుని, కాస్త గొంతు పెంచే అన్నాను. “అమ్మా, నా కూతురికి ఓపికిచ్చావు, నీకు వెయ్యి దణ్ణాలు. మూడుసార్లు చెయ్యి విరిగినా నాలుగోసారి చేసింది. పూలు కొలిచేటప్పుడు ఆ మోచెయ్యి వంచడం ఉంది చూశావూ, అచ్చం మన వీధిలో పూలమ్మే ఆవిడే. నేను రోజూ చూస్తూ కూడా కనిపెట్టలేదు తల్లీ, ఇది కనిపెట్టింది.” హాల్లో టీవీ చప్పుడు తగ్గింది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం నేను దీపం పెట్టే వేళకి మా చిన్నాడు తను గీసిన రైలుబండి బొమ్మ తెచ్చి పటాల కింద ఆనించి వెళ్ళాడు. వాడికి విషయం అర్థమైపోయింది!

మావారికి ఇది నచ్చలేదు. “పొగిడితే నెత్తికెక్కుతారు” అన్నారు. ఆయన మాటలో సగం నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. పిల్ల ఏం చూపించినా ఫోనులోంచి తల ఎత్తకుండా “సూపర్, సూపర్” అనే రకం మెప్పు ఉంది, అది పిల్లలకి ఒక్క రోజులో తెలిసిపోతుంది. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఐదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. చిక్కుప్రశ్నలు చేశాక కొందరిని “నువ్వు తెలివైనదానివి” అని మెచ్చుకున్నారు, ఇంకొందరిని “బాగా కష్టపడ్డావు” అని. తర్వాత కఠినమైన ప్రశ్నలిచ్చి వాళ్ళు తప్పేలా చేశారు. తెలివిని మెచ్చుకున్న పిల్లలు త్వరగా డీలా పడ్డారు. కష్టాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఇంకా పట్టుదలగా చేశారు. మావారికి ఇది చెప్తే, “అయితే నువ్వు మోచెయ్యి గురించి చెప్పు, తెలివి గురించి చెప్పకు” అన్నారు. నేను చెప్పింది మోచెయ్యి గురించే కదా! వింటూనే ఉన్నారన్నమాట.

గర్వం చూపించుకునే ఇంకో దారి ఈ రోజుల్లో అందరి చేతుల్లోనూ ఉంది. వాట్సాప్. మా దగ్గర బంధువుల పిల్లవాడొకడు, ఎనిమిదో తరగతి, ఇంటి కుక్క చచ్చిపోతే ఓ కవిత రాసుకున్నాడు. వాళ్ళమ్మ మురిసిపోయి దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టేసింది. యాభై మందిమి ఉన్నాం ఆ గ్రూపులో. కొందరు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఓ పెదనాన్నగారు అక్షర దోషాలు దిద్దారు. ఇంకొకాయన “మరీ కుక్క మీదా?” అని నవ్వే బొమ్మ పెట్టారు. ఆ పిల్లవాడు ఆ నోటు పుస్తకం ఎక్కడ దాచాడో వాళ్ళమ్మకి ఇప్పటికీ దొరకలేదు. వాడు రాసింది కుక్క కోసం. దాన్ని యాభై మంది ముందు పెట్టేముందు వాణ్ణి ఒక్క మాట అడగాలి కదా. పిల్లల పని మన మెడలో గొలుసు కాదు, మనకి తోచినప్పుడల్లా పైకి తీసి చూపించుకోడానికి.

నలుగురిలో పెట్టడమే తప్పని కాదు. ఎక్కడ పెడుతున్నామన్నది ముఖ్యం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల్ని మన అమ్మమ్మల తరంవాళ్ళు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అనేవాళ్ళు. పిల్లల చేత పాడించి, నాటకాలాడించి రేడియోలో వినిపించారు. 1945లో పిల్లల కోసం ‘బాల’ పత్రిక పెట్టారు. ముళ్ళపూడి వెంకటరమణ, బాపు ఇంకా బడికెళ్ళే వయసులో ఉండగా వాళ్ళ కథా బొమ్మా అచ్చయింది అందులోనే. కార్టూనిస్టు శంకర్ 1949లో ఢిల్లీలో పిల్లలకి చిత్రలేఖనం పోటీ మొదలుపెడితే, మరుసటి ఏడాదికే అది ఇతర దేశాల పిల్లలకీ తెరుచుకుంది. ఈ పెద్దలంతా పిల్లల గీతని ముద్దుగా చూసి ఊరుకోలేదు, పనిగా చూశారు. అలాంటి చోటుకి పంపండి, ముందు పిల్లని అడిగి పంపండి. బహుమతి రాకపోయినా దీపం ముందు చెప్పుకోవడానికి ఆ బొమ్మ ఉండనే ఉంటుంది.

అన్నట్టు, గుడిలో మొక్కుకునే మొక్కుల్లో కూడా ఓ తేడా గమనిస్తున్నాను. “మా అమ్మాయికి ఫస్ట్ ప్రైజ్ రావాలి” అని మొక్కితే, పక్కింటి పిల్లకి రాకూడదని కూడా మొక్కినట్టే కదండీ. థాంక్స్ చెప్పడంలో ఆ ఇబ్బంది లేదు. దేవుడికీ నిష్పూచీ.

ఇప్పుడు మా పెద్దది టెన్త్. తొట్టి ఉంచాలా తియ్యాలా అని ఇంట్లో పెద్ద పంచాయితీయే అయింది. స్పెషల్ క్లాసులు అయ్యేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. చివరికి ఆదివారం మధ్యాహ్నం మట్టి, మిగతా రోజులు పుస్తకం అని ఒప్పందం. తొట్టి తియ్యొద్దన్నది ఎవరో తెలుసా? మావారు! కారణం చెప్పలేదు, గోనె మీద నీళ్ళు మాత్రం పొద్దున పేపరు చదవడానికి వెళ్తూ ఆయనే చల్లుతున్నారు.

ఈసారి కొలువుకి గంగిరెద్దుని చేస్తోంది. వీపు మీద రంగు బొంత, మూపురం, కొమ్ములకి కుచ్చులు, పక్కన సన్నాయి ఊదే ఆయనా. మొన్న ఆదివారం సాయంత్రం యథాప్రకారం దీపం పెట్టి మొదలుపెట్టాను. “అమ్మా, గంగిరెద్దు ఎంత బాగా కుదిరిందో చూడు. ఆ తల వంచడం, ఆ కాళ్ళు...”

వంటింట్లోంచి ఒక్క కేక. “అమ్మా, కాళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు! ఇప్పుడే చెప్పెయ్యకు!”

“తల సంగతి చెప్పనా?”

కాసేపు ఆలోచించినట్టుంది. “ఆఁ, తల చెప్పు.”